హాల్ గోడ మీద ఎవరి బాజార్?

కొత్తగా ఫ్లాట్ కొన్న మనవాళ్ళ ఇంటికి దావత్‌కు వెళ్తే ఈ మధ్య ఒక గోడ తరచుగా కనిపిస్తోంది. సోఫా వెనక గోడ. దాని మీద గులాబీ, పసుపు, నీలం రంగుల్లో మార్లిన్ మన్రో ముఖం నాలుగుసార్లు. లేకపోతే కామిక్ పుస్తకంలోంచి కత్తిరించినట్టు కన్నీళ్ళు పెట్టుకుంటున్న ఒక గోరీ అమ్మాయి, ఆమె నోటి పక్కన బుడగలో ఇంగ్లిష్ మాటలు. ముందు ఎర్ర సోఫా, చుక్కల కుషన్లు. 'పాప్ ఆర్ట్ థీమ్ మామూ, ఎట్లుంది?' అని పిల్లలు ఖుషీగా అడుగుతారు.

బాగానే ఉంటుంది. గాఢమైన రంగులు మనకు కొత్త కాదు. చాంద్ రాత్ నాడు లాడ్ బాజార్‌లో గాజుల దుకాణం ముందు నిలబడ్డవాళ్ళకు ఎవరూ రంగుల గురించి సబఖ్ చెప్పనక్కర్లేదు. కాబట్టి బాగుందా లేదా అన్నది నా సవాల్ కాదు. ఆ గోడ మీద అంతకుముందు ఏముండేది, అదిప్పుడు ఎక్కడుంది అన్నది నా సవాల్.

చాలా ఇళ్ళల్లో జవాబ్ ఒకటే. కాబా, గుంబదె ఖజ్రా పక్కపక్కన ఉన్న ఫ్రేమ్ అమ్మీ పడుకునే గదిలోకి పోయింది. ఆయతుల్ కుర్సీ తుగ్రా అటకెక్కింది. దాదా ఉర్దూలో రాయించుకున్న నేమ్ ప్లేట్ పాత ఇంట్లోనే ఉండిపోయింది. 'హాల్‌కు మ్యాచ్ కావట్లేదు' అన్నారు ఇంటీరియర్ చేసినవాళ్ళు. ఇంట్లోవాళ్ళు సరే అన్నారు.

నేను పాప్ ఆర్ట్‌కు ఖిలాఫ్ కాదు. ఈ మజ్మూన్ రాస్తున్నదే దాని తరఫున. తక్కువ ఖర్చుతో, చిన్న హాల్‌లో, పిల్లలు తిరిగే ఇంట్లో ఇంత ఖుషీగా ఉండే స్టైల్ ఇంకోటి దొరకదని నా ఖయాల్. కాకపోతే మనం దాన్ని తలకిందులుగా తెచ్చుకుంటున్నాం. నీ బాజార్‌లో దొరికే మామూలు వస్తువును షరమ్ లేకుండా నీ గోడ ఎక్కించు అన్నది పాప్ ఆర్ట్. మనం ఇంకొకరి బాజార్‌ను ప్రింట్ తీయించి తెచ్చి, మన బాజార్‌ను అటక ఎక్కిస్తున్నాం.

కాస్త తారీఖ్ చూద్దాం. 1956లో లండన్‌లోని వైట్‌చాపెల్ గ్యాలరీలో 'దిస్ ఈజ్ టుమారో' అనే నుమాయిష్ జరిగింది. దానికోసం రిచర్డ్ హామిల్టన్ అనే ఆర్టిస్టు మ్యాగజైన్లలోంచి కత్తిరించిన కాగితాలతో చిన్న కోలాజ్ ఒకటి చేశాడు. పాప్ ఆర్ట్ మాట రాగానే అందరూ ముందు తలుచుకునే తస్వీర్లలో అదొకటి. అది దేని బొమ్మ అనుకున్నారు? ఒక ఇంటి హాల్ బొమ్మే. సోఫా, టీవీ, టేప్ రికార్డర్, మెట్ల మీద వాక్యూమ్ క్లీనర్, ల్యాంప్ షేడ్ మీద ఫోర్డ్ కార్ల ముద్ర, టేబుల్ మీద డబ్బా మాంసం. ఆ డబ్బాలో ఉన్నది మన దస్తర్ఖాన్ మీదికి వచ్చే మాంసం కాదు, అది వేరే మాట. ఇవాళ్టి ఇళ్ళు ఇంత వేరుగా, ఇంత ముచ్చటగా కనబడటానికి కారణం ఏంటబ్బా అని అడిగే పొడవాటి పేరు పెట్టాడు దానికి.

ఆ బొమ్మలో గోడ వైపు ఒకసారి చూడండి. కామిక్ పుస్తకం కవర్‌ను పెద్దది చేసి గోడకు పెట్టాడు. దాని పక్కనే పాతకాలపు పెద్దాయన ఒకరి తస్వీర్ ఫ్రేమ్‌లో ఉంది. పాతదాన్ని తీసేయలేదు. రెండూ ఒకే గోడ మీద ఉన్నాయి.

అక్కడ కూడా చాలా వస్తువులు అమెరికా బాజార్‌వేగా అని మీరు అడగొచ్చు. ఔను. యుద్ధం అయిపోయాక కూడా బ్రిటన్‌లో తిండికి రేషన్ నడిచింది, 1954 దాకా. ఆ జనానికి అమెరికా మ్యాగజైన్లలోని ఇళ్ళు ఒక ఖ్వాబ్. హామిల్టన్ ఆ ఖ్వాబ్‌ను చూసి ముచ్చటపడ్డాడు, దాన్ని చూసి నవ్వాడు, 'ఎందుకిట్లా?' అని అడిగాడు. మనం ఆ అడగడం ఒక్కటి వదిలేసి మిగతాదంతా కొనుక్కుంటున్నాం.

ఇంక ఆండీ వార్హోల్. మన పిల్లల గోడల మీదున్న మార్లిన్ మన్రో ఆయన పనే. 1962 ఆగస్టులో ఆమె చనిపోయాక మొదలుపెట్టాడు. అదే ఏడాది లాస్ ఏంజిలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో క్యాంప్‌బెల్స్ సూప్ డబ్బాల బొమ్మలు పెట్టాడు. మొత్తం 32. ఆ కంపెనీ అప్పుడు అమ్మే ఒక్కో రకానికి ఒక్కోటి. కిరాణా దుకాణంలో సరుకు పేర్చినట్టు సన్నటి అరల మీద నిలబెట్టారు. ఎందుకు సూప్ డబ్బా అంటే, తాను ఏళ్ళ తరబడి మధ్యాహ్నం తిన్నది అదేనని చెప్పుకున్నాడు.

ఆయన ఖాందాన్ సంగతి తెలిస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. తల్లిదండ్రులు ఇప్పటి స్లొవేకియాలో ఉన్న ఒక పల్లె నుంచి అమెరికాకు వలస వచ్చిన గరీబులు. తండ్రి మజ్దూర్. తల్లి జూలియా ఖాళీ టిన్ డబ్బాలు కత్తిరించి పూలు చేసి అమ్మేది. తన డబ్బాల బొమ్మల వెనక ఆ టిన్ పూలున్నాయని వార్హోల్ తర్వాత చెప్పాడు. ఆమెకు ఇంగ్లిష్ అంతంత మాత్రమే. అయినా కొడుకు గీసిన బొమ్మల కింద అక్షరాలు ఆమె చేత రాయించేవాడు. ఆ వంకర టింకర చేతిరాత ఆయనకు అంత ఇష్టం.

అంటే పాప్ ఆర్ట్‌లో అందరికంటే మషూర్ అయిన మనిషి తన వంటింటి డబ్బాను, తన అమ్మ చేతిపనిని, అమ్మ చేతిరాతను గోడ మీదికి తెచ్చుకున్నాడు. ఆయన స్టైల్‌లో హాల్ పెట్టుకుంటూ మనం మన అమ్మీ ఫ్రేమ్‌ను లోపలి గదికి పంపిస్తున్నాం.

ఎందుకు పంపిస్తున్నాం? మ్యాచింగ్ కోసమే అనుకుంటే తప్పు. ఐటీలో పనిచేసే మా చుట్టాల అబ్బాయిని మెల్లగా అడిగితే అసల్ వజహ్ చెప్పాడు. 'ఆఫీసు వాళ్ళు ఇంటికి వస్తుంటారు మామూ. హాల్ కొంచెం ప్లెయిన్‌గా ఉంటే మంచిది.' ప్లెయిన్ అంటే ఏంటో ఇద్దరికీ తెలుసు. ఆ ఇల్లు కొనడానికి ముందు వాడు కిరాయి ఇళ్ళ కోసం ఎంత తిరిగాడో కూడా నాకు తెలుసు. ఫోన్‌లో ఖాళీ ఉందన్న ఇల్లు పేరు చెప్పగానే నిండిపోయేది. అట్లాంటి అనుభవం ఉన్నవాణ్ణి పిరికివాడు అనడానికి నాకు హక్కు లేదు. బాల్కనీలో ఏం ఆరేయాలి, లిఫ్టులో ఏం మాట్లాడాలి, టిఫిన్ డబ్బా ఎక్కడ తెరవాలి అని రోజంతా లెక్కలు వేసుకునే జిందగీ అది.

కానీ బయట అంత జాగ్రత్తగా ఉండేవాడికి ఇంట్లోనైనా ఆ లెక్క తప్పాలి కదా. తలుపు వేసుకున్నాక గోడ కూడా జాగ్రత్తపడుతుంటే అది ఎవరి ఇల్లు? మార్లిన్ మన్రో ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఆ గోడ మీద ఉంది. ఆ పిల్లాడికి ఆమె సినిమా ఒక్కటీ తెలియదు. ఆ ఇంట్లో పెరిగే అయిదేళ్ళ పాప మాత్రం రోజూ ఆ గోడనే చూస్తుంది. హాల్‌లో పెట్టేది ఏంటి, దాచేది ఏంటి అన్న తాలీమ్ ఆమెకు ఎవరూ చెప్పకుండానే అందుతుంది. నాకు ఫికర్ ఆమె గురించే.

ఇప్పుడు మన బాజార్ చూద్దాం. రూహ్ అఫ్జా 1907 నుంచి ఉంది. దిల్లీలో ఒక హకీమ్ తయారు చేసిన షర్బత్. పూలు, పండ్ల లేబుల్‌తో ఉన్న ఆ ఎర్ర సీసా లేని ఇఫ్తార్ మనలో ఎంతమందికి యాద్ ఉంది? హైదరాబాద్‌లో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్ ఉంది. తలనొప్పికీ, జలుబుకూ, కడుపునొప్పికీ మన నానీల దగ్గర ఒకటే ఇలాజ్. వార్హోల్ పిట్స్‌బర్గ్‌లో కాకుండా పత్తర్‌గట్టీలో పుట్టి ఉంటే 32 సార్లు ఏం గీసేవాడో నాకు అనుమానం లేదు.

ఇంకా లెక్కపెట్టండి. సాసర్‌లో ఇరానీ చాయ్, పక్కన ఉస్మానియా బిస్కెట్. వరసగా పేర్చిన లాఖ్ గాజులు. అత్తర్ సీసాలు, సుర్మాదానీ. మస్జిద్‌లో పంచే సహరీ, ఇఫ్తార్ టైమ్ టేబుల్ కార్డు. ఛత్తా బాజార్‌లో అచ్చయిన షాదీ రుఖ్ఖా. మన గుస్ల్‌ఖానాల్లో ఉండే రంగురంగుల ప్లాస్టిక్ టోంటీ లోటా. నవ్వకండి. ఒకే లోటాను తొమ్మిది రంగుల్లో తొమ్మిదిసార్లు వేసి వాష్‌బేసిన్ పక్కన పెట్టి చూడండి. ముందు మెహ్మాన్‌లు నవ్వుతారు, తర్వాత దాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటారు. ఆ నవ్వే పాప్ ఆర్ట్.

ఇదంతా నా ఊహ అనుకోవద్దు. మొరాకోలో పుట్టి లండన్‌లో పెరిగిన హసన్ హజ్జాజ్ చేసి చూపించాడు. తాను తీసిన ఫోటోల చుట్టూ ఫ్రేమ్‌గా అరబ్బీ లేబుళ్ళున్న డబ్బాలను వరసగా పేరుస్తాడు. దూరం నుంచి చూస్తే మస్జిద్ గోడ మీది పలకల నఖ్షాలా ఉంటుంది, దగ్గరికెళ్తే టమాటా డబ్బాలు. మరాకష్‌లో ఆయనకు రియాద్ యీమా అనే చాయ్‌ఖానా ఉంది. అక్కడ బోర్లించిన కూల్‌డ్రింక్ క్రేట్లే కుర్సీలు.

మన దేశంలో భూపేన్ ఖఖ్ఖర్ ఉన్నాడు. చార్టర్డ్ అకౌంటెంట్. బరోడాలో ఉద్యోగం చేసుకుంటూ బొమ్మలు వేశాడు. 1972లో ఆయన వేసిన రెండు తస్వీర్ల పేర్లు 'జనతా వాచ్ రిపేరింగ్', 'డీలక్స్ టైలర్స్'. గల్లీలోని గడియారాల మరమ్మతు దుకాణం, దర్జీ దుకాణం. మన ఖాందాన్‌లలో దర్జీలు, ఘడీసాజ్‌లు లేని ఇల్లు ఉందా?

ఇక్కడ బుజుర్గుల ఏతెరాజ్ ఒకటి వస్తుంది. తస్వీర్ల మాట ఏంటి? జాందార్ తస్వీర్లున్న ఇంట్లోకి రహ్మత్ ఫరిష్తాలు రారన్న హదీస్ చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కెమెరా ఫోటోల గురించి ఉలమాల మధ్య ఇఖ్తెలాఫ్ ఉంది. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. ఒక్క వాఖియా మాత్రం యాద్ చేస్తాను. హజ్రత్ ఆయిషా (రజి.) ఇంట్లో బొమ్మలున్న తెర వేలాడదీస్తే ప్రవక్త (స) నాపసంద్ చేశారు. ఆమె దాన్ని కోసి దిండ్లుగా మార్చారు. వేలాడదీసి ఇజ్జత్ ఇచ్చేదానికీ, ఆనుకుని కూర్చునేదానికీ ఫర్ఖ్ ఉందని చాలామంది ఫుఖహా చెప్పింది ఇట్లాంటి రివాయతుల ఆధారంతోనే. ఇల్లు ఎట్లా పెట్టుకోవాలన్న చర్చ మన దీన్‌కు కొత్తది కాదని చెప్పడానికే ఈ మాట.

ఆ ఇఖ్తెలాఫ్‌లోకి వెళ్ళకుండానే గోడ నింపుకునే దారి ఉంది. పాప్ ఆర్ట్‌కు ముఖం లాజిమ్ కాదు. డబ్బాకు ముఖం లేదు. జాస్పర్ జాన్స్ అంకెలు, జెండాలు వేశాడు. రాబర్ట్ ఇండియానా 1960లలో 'లవ్' అన్న ఇంగ్లిష్ మాటలోని నాలుగు అక్షరాలను పైన రెండు, కింద రెండు పేర్చి, 'ఓ' అక్షరాన్ని పక్కకు వంచాడు. అదే దునియా అంతా తిరిగింది. అక్షరాన్నే తస్వీర్ చేయడం మన ఖత్తాతీ ఎన్ని సదీల నుంచి చేస్తోంది! 'ఇష్క్'కు మూడే అక్షరాలు: ఐన్, షీన్, ఖాఫ్. ఎర్రటి గోడ మీద నల్లగా, గోడంత పెద్దగా ఊహించండి.

లిక్టెన్‌స్టైన్ కామిక్ బొమ్మల్లో పేలుడు చప్పుళ్ళను పెద్ద అక్షరాల్లో రాసేవాడు. 1963లో వేసిన ఒక బొమ్మ పేరే 'వామ్!'. మనకు దఖ్నీ ఉండగా ఆ చప్పుడు అరువు దేనికి? డైనింగ్ టేబుల్ పైన బుడగలో 'నక్కో!' అని రాసి ఉంటే, మూడోసారి బిర్యానీ వడ్డిస్తున్న ఖాలాకు అది చూపిస్తే చాలు. తలుపు పక్కన 'కైకూ?'. పిల్లల చదువు బల్ల మీద 'హౌ!'. నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. నస్తాలీఖ్ అక్షరం వాలుతూ దిగుతుంది, తెలుగు అక్షరం గుండ్రంగా కూర్చుంటుంది. ఒకే మాటను రెండు లిపుల్లో పక్కపక్కన రాస్తే ఎంత అందమో రోజూ చూస్తున్నవాణ్ణి. ఉర్దూ చదవలేని మన పిల్లలకు ఆ గోడే మొదటి ఖాయిదా కావచ్చు.

అయితే అదబ్ హద్దులు దాటొద్దు. ఆయతులు, అల్లాహ్ పేరు, రసూల్ పేరు బుడగల్లో, కుషన్ల మీద, కార్పెట్ల మీద వద్దు. పాత ఉర్దూ అఖ్బార్లు అతికించి టేబుల్, స్టూల్ చేయడం ఫ్యాషన్ అయింది. ఉర్దూ అఖ్బార్‌లో ఏదో ఒక మూల హదీసో ఆయతో ఉండనే ఉంటుంది. కత్తెర పట్టేముందు చదవగలిగిన వాళ్ళ చేత ఒకసారి చదివించండి. సినిమా పేజీ, బాజార్ భావ్ పేజీ తీసుకోండి, పరేషానీ ఉండదు.

కాబా ఫ్రేమ్ మళ్ళీ హాల్‌లోకి రావాలన్నది నా మషవరా. దాన్ని పాప్ ఆర్ట్ చేయొద్దు, నాలుగు రంగుల్లోకి మార్చొద్దు. పైన, ఒక్కటే, చుట్టూ తెల్ల గోడ వదిలి పెట్టండి. రంగుల ఆట ఎదుటి గోడ మీద ఆడుకోండి.

ఇంక ఖర్చు. ఇస్రాఫ్ అని భయపడేవాళ్ళకు చెప్తున్నా, ఇది పుట్టడమే చవక వస్తువుల్లోంచి పుట్టింది. హాల్ మొత్తానికి రంగులు పులమొద్దు. ఒక్క గోడ చాలు, మిగతా మూడూ తెల్లగా ఉంచండి. మూడు రంగులు, నలుపు. అంతకంటే ఎక్కువైతే సర్కస్ డేరా అవుతుంది. ఒక వస్తువును ఎంచుకుని నాలుగుసార్లో తొమ్మిదిసార్లో, సమాన దూరంలో పెట్టండి. మళ్ళీ మళ్ళీ రావడంలోనే దాని జోర్ ఉంది. కిరాయి ఇల్లయితే గోడ ముట్టుకోకుండా ప్లైవుడ్ పలకల మీద వేయించుకోండి. ఇల్లు మారినప్పుడు గోడను కూడా వెంట తీసుకెళ్ళొచ్చు.

చుక్కలు కావాలా? అఖ్బార్‌లో రంగుల ఫోటోను భూతద్దం కింద పెట్టి పిల్లలకు చూపించండి. ముఖమంతా చుక్కలే. చవకగా రంగు అచ్చేయడానికి ప్రెస్‌వాళ్ళు కనిపెట్టిన ఉపాయం అది. లిక్టెన్‌స్టైన్ ఆ చుక్కనే పెద్దది చేశాడు. చిల్లుల రేకు ఒకటి తెచ్చి గోడకు ఆనించి స్పాంజితో రంగు అద్దితే చుక్కలు పడతాయి. ఆదివారం పొద్దున పిల్లలతో అయ్యే పని.

అక్షరాల పని మాత్రం ఆన్‌లైన్‌లో స్టిక్కర్ కొని కానిచ్చేయకండి. ఉర్దూ అఖ్బార్లలో ఒకప్పుడు ప్రతి సతర్ కాతిబ్‌లు చేత్తో రాసేవాళ్ళు. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఒక్కొక్క దఫ్తర్‌లో కాతిబ్ కుర్సీ ఖాళీ అయింది. దుకాణాల బోర్డులు రాసే పెయింటర్ల రోజీని ఫ్లెక్స్ తినేసింది. వీళ్ళల్లో మనవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఛత్తా బాజార్‌లో అడగండి, మీ ఊళ్ళో పాత బోర్డుల కింద పెయింటర్ పేరు వెతకండి. చెయ్యి ఇంకా తిరిగే ఉస్తాద్‌లు దొరుకుతారు. ప్రింట్ తీయించి తెచ్చే మార్లిన్ మన్రోకు పెట్టే డబ్బులో ఒక కారీగర్‌కు రెండు రోజుల మజ్దూరీ ఇవ్వొచ్చు. ఆయన రాస్తుంటే మీ పిల్లలు పక్కన నిలబడి చూస్తారు. ఆ చూడటం ఏ స్టిక్కర్‌తోనూ రాదు.

చివరగా నయీ నస్ల్‌కు ఒక మాట. మీ శౌక్‌ను ఎవరూ కాదనట్లేదు. థీమ్ ఖరారు చేసేముందు ఒక్కసారి నానీనో దాదీనో కూర్చోబెట్టి, తమ కాలంలో ఇంట్లో ఏ డబ్బా ఉండేది, ఏ సీసా ఉండేది, ఏ దుకాణం బోర్డు యాదికుంది అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. గోడ మీద ఏం వేయాలో ఆ లిస్టులోనే ఉంటుంది. ఆఫీసు దోస్తులు వచ్చి ఇదేంటని అడిగితే చాయ్ పోసి చెప్పండి. అడిగినవాళ్ళల్లో ఎక్కువమంది వాళ్ళ నానమ్మ ఇంట్లో ఉండే డబ్బా గురించి మీకు చెప్తారు.